కాంటా మీద దొర

20-1-2008, ఆదివారం

థూ. ఈ మాట రాస్తే తప్ప చెయ్యి ముందుకు కదలడం లేదు.

నా భార్య జోజమ్మ చర్చిలో పూజకు రమ్మంటే తలనొప్పి అన్నాను. ఆమె గుడికి నడిచిపోగానే స్కూటరు తీసి మధిర అవతల ఎడ్ల పందేలకు పోయాను. పందొమ్మిదేళ్ళుగా బండలాగుడు చూస్తున్నాను. ఏ జత ఏ ఊళ్ళో ఇరవై నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగిందో నా ఎర్ర అట్ట నోటుబుక్కులో ఉంటుంది. తగువు వస్తే కమిటీల వాళ్ళు నన్నే అడుగుతారు. 'అశ్వారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీల గెలలు తూచే శాంతికుమార్ చెప్పిండా? అయితే అంతే' అంటారు. ఆ మాట వినడానికే కొన్నిసార్లు పోతానేమో కూడా.

ఇవాళ పెద్ద ఎడ్ల విభాగంలో రెండో జత దిగింది. ఎవరిదో రాయను, పుస్తకం మైల పడుతుంది. బండ కట్టకముందే ఎడమవైపు ఎద్దు నోట్లో నురగ, కళ్ళు చింతనిప్పులు. అయినా 3,420 అడుగులు లాగాయి. జనం ఈలలు. తర్వాత వాటిని కట్టేసిన చోట గడ్డిలో ఒకడి కాలికి సూది గుచ్చుకుంది. చూస్తే సిరంజి, పక్కన రెండు ఖాళీ సీసాలు. స్టెరాయిడ్ అట. జిమ్ములో పిల్లలు కండల కోసం పొడిపించుకునే మందు.

అందరూ సిగ్గుపడతారనుకున్నాను. నవ్వారు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, 'పరుగు పందేలోళ్ళు పొడిపించుకుంటలేరా, ఎద్దు పొడిపించుకుంటే తప్పేంది' అన్నాడు. ఎద్దు పొడిపించుకుందా? దానికి నోరుంటే అడిగేదా? నేను ఏదో అరిచాను కానీ మైకులో పాట మొదలైంది. బహుమతి ఆ జతకే ఇచ్చారు. సూది పొడవకూడదని రూల్సులో లేదట. బండ ఎంత బరువుండాలో ఉంది, చెర్నాకోల ఎంత పొడవుండాలో ఉంది, సూది సంగతి లేదట.

ఇంటికి రాగానే 3,420 మీద ఎర్రసిరాతో అడ్డంగా గీశాను. చెంచురామయ్య గారి జత ఉన్నంతకాలం ఈ ఆటకు పరువుంటుంది. దొర, మల్లన్న. వాటి మందు ఉలవలు, పత్తిగింజలు, పాలేరు భీమ్లా చెయ్యి.

21-1-2008

గెలలు తడిపి తెచ్చిన రైతును పట్టుకున్నాను. ట్రాలీ కింద నీళ్ళు కారుతున్నాయి, 'మంచు పడింది సార్' అంటాడు. మధ్యాహ్నం రెండు గంటలకు మంచు. మోసం చేసేవాడి మొహం నేను కాంటా గదిలోంచే గుర్తుపడతాను.

27-1-2008, ఆదివారం

ఫ్యాక్టరీకి సెలవు. అలవాటు ప్రకారం నాని జతను డీసీఎం వ్యానులో తెచ్చాడు. నాని చెంచురామయ్య గారి కొడుకు. తండ్రికి మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి జత వ్యవహారం అంతా ఇతనిదే.

మేనేజరుకు తెలియకుండా లారీల కాంటా మీద ఎడ్లను తూచడం నా ఒక్కడి సరదా. పదేళ్ళుగా చేస్తున్నాను. మల్లన్న ఎవరు తోలినా ఎక్కి నిలబడుతుంది. దొర మాత్రం భీమ్లా లేకపోతే అడుగు వెయ్యదు. దూడగా ఉన్నప్పుడు తల్లి చస్తే భీమ్లా తన తండాకు తీసుకుపోయి, మేకపాలు పట్టి బతికించాడు. అందుకని ప్రతిసారీ భీమ్లా కాంటా బయట, ఇనుప రేకు అంచుకు బెత్తెడు దూరంలో నిలబడతాడు. తన బరువు కలవకూడదని నేనే చెప్పాను. అక్కడి నుంచి చెయ్యి చాచి దొర ముట్టె మీద పెడతాడు. అది కళ్ళు మూసుకుంటుంది. అంకె నిలబడుతుంది. ఆ ఒక్క నిమిషం చూస్తే నాకు వారం రోజులు సరిపోతుంది.

మల్లన్న 724. దొర 738.

నవంబరు 4న మల్లన్న 720, దొర 655. కాడి సమంగా లేదని అప్పుడు నాని దిగులు పడ్డాడు. ఇప్పుడు దిగులు లేదు. ఉలవలు పెంచారట. పచ్చి పత్తిగింజలు రుబ్బి పెడుతున్నారట. ఎద్దు వయసు కూడా వచ్చింది కదా.

ఎనభై మూడు కిలోలు. ఉలవలు మంచివి.

29-1-2008

ఉలవల గురించి మన పశువుల దవాఖానా అటెండరును అడిగాను. మూడు నెలల్లో ఎనభై కిలోలా అని నవ్వాడు. అతనికేం తెలుసు, అటెండరు.

6-2-2008, విభూది బుధవారం

జోజమ్మ నుదుట బూడిద పెట్టించుకుని వచ్చింది. నలభై రోజులు మాంసం బంద్ అంది. సరిగ్గా అప్పుడే ఆమె తమ్ముడు జోయెల్ ఖమ్మం బస్సు దిగి వచ్చాడు, చేతిలో థర్మోకోల్ పెట్టె. వాడు ఖమ్మంలో జిమ్ము నడుపుతాడు. కోడికూర లేదా అని అక్కను అడిగి తిట్లు తిన్నాడు.

పెట్టె నాకిచ్చి, నానికి ఇవ్వమన్నాడు. ఇది మూడోది.

'ఏముంది దాంట్ల?' అని జోజమ్మ అడిగింది. పశువుల టానిక్ అన్నాను. 'పశువుల టానిక్కు జిమ్ము నడిపేటోనికి ఏం పని?' అంది. ఉపవాసం ఉన్నవాళ్ళు ఎక్కువ మాట్లాడకూడదన్నాను.

7-2-2008

పెట్టె ఇచ్చాను. ఇవ్వడమే నా పని. పోస్టుమాన్ ఉత్తరం విప్పి చదువుతాడా?

18-2-2008

భీమ్లా ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పని దినాల్లో ఎన్నడూ రాడు. టీ తాగమన్నా తాగలేదు. దొర తనను దగ్గరికి రానివ్వడం లేదట. ముట్టె మీద చెయ్యి పెట్టబోతే కొమ్ము విసిరిందట. కుడితి తొట్టి తన్నిందట. కట్టుకొయ్యకు తల కొట్టుకుంటోందట.

కారణం కూడా అతనే చెప్పాడు. ప్రతి ఆషాఢంలో తండాలో సీత్లా పండుగ చేస్తారు. పశువులు చల్లగా ఉండాలని అమ్మవారికి మొక్కి, మందనంతా ఆమె ముందు నుంచి దాటిస్తారు. భీమ్లా ఏటా దొరను అడిగి తీసుకుపోయి దాటించేవాడు. పోయిన ఆషాఢంలో నాని పంపలేదు, అంత దూరం నడిస్తే ఒళ్ళు తగ్గుతుందని. భీమ్లా గట్టిగా అడగలేదు.

'నేను గట్టిగ అడగాలె సారూ. అమ్మకు కోపం వచ్చింది. దొర నన్ను మరిచింది' అన్నాడు.

సూదులు ఏమైనా వేస్తున్నారా అని అడిగాను. ఎందుకు అడిగానో. గాలికుంటు టీకాలని నాని వారానికోసారి వేస్తున్నాడన్నాడు. గాలికుంటు టీకా వారానికోసారి వెయ్యరని నాకు తెలుసు. అతనికి తెలియదు.

పోయి రమ్మన్నాను. పందెం దగ్గర పడింది కదా, ఎద్దుకు వేడి చేసి ఉంటుంది, సర్దుకుంటుంది అన్నాను.

24-2-2008, ఆదివారం

దొర కాంటా ఎక్కలేదు. భీమ్లా అంచున నిలబడి చెయ్యి చాచాడు. అది ఆ చేతిని చూసి బుసకొట్టింది. నలుగురు తాళ్ళు పట్టి ఎక్కించారు. పక్కనున్న ఇనుప కమ్మీని కొమ్ముతో కొడితే వంగింది. రేపు మేనేజరుకు లారీ తగిలిందని చెప్పాలి. మెడ మీద, తొడ మీద సూదిపోటు గడ్డలు. భీమ్లా చెయ్యి ఇంకా చాచే ఉంది. దించమని చెప్పాల్సి వచ్చింది.

కాంటా 796 చూపింది.

ఇంట్లో కూర్చున్న చెంచురామయ్య గారు ఫోను చేసి, ఎంతయ్యా అని అడిగారు. 752 అన్నాను. ఎర్ర అట్ట పుస్తకంలో కూడా 752 అనే రాశాను. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో కాంటా చూపిన అంకె కాకుండా ఇంకో అంకె నేను రాసి ఎరగను. కానీ ఇది ఫ్యాక్టరీ స్లిప్పు కాదు కదా. నా సొంత పుస్తకం. నా పుస్తకం నా ఇష్టం.

25-2-2008

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో జోజమ్మ ఉంది. రాత్రి పెరుగన్నం ముందు కూర్చుని, 'ఎద్దు ఎంత తూగింది' అని అడిగింది. ఆమె పందొమ్మిదేళ్ళలో ఎన్నడూ అడగని ప్రశ్న. 752 అన్నాను. ఊఁ అంది.

6-3-2008, గురువారం, శివరాత్రి

సత్తుపల్లి అవతల తిరునాళ్ళు. మూడు జిల్లాల జనం.

పెద్ద విభాగం రికార్డు 1999 నుంచి 3,655. ఆ జతను నేను కళ్ళారా చూశాను. ఆ రోజు వాటిని తోలినాయన పోయిన ఏడు చనిపోయాడు. అంత ముసలితనంలోనూ కనబడినప్పుడల్లా, 'నా అంకె ఉందా కొట్టుకపోయిందా' అని అడిగేవాడు. ఉంది తాతా అనేవాణ్ణి.

దొర, మల్లన్న సాయంత్రం నాలుగింటికి దిగాయి. పదిహేడో నిమిషానికే 3,655 దాటాయి. కమిటీ వాళ్ళు నన్ను మైకు దగ్గరికి లాగారు. నా నోటితోనే చెప్పాను: 'ఇరవై నిమిషాలకు మూడువేల తొమ్మిదివందల పన్నెండు అడుగులు. తొమ్మిదేళ్ళ రికార్డు బద్దలు.' జనం లేచారు. తువ్వాళ్ళు గాల్లోకి పోయాయి. నానిని భుజాల మీద ఎత్తుకున్నారు.

నేను సంతోషించాను. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఇది రాయకపోతే ఈ డైరీ ఎందుకు? సూదుల సంగతి తెలిసి, అంకె అబద్ధమని తెలిసి, గొంతు చించుకుని అరిచాను. మధిరలో నవ్విన పెద్దమనిషికీ నాకూ తేడా ఏమిటంటే, ఆయన కనీసం నవ్వాడు.

విజిలు వేసినా దొర ఆగలేదు. ఖాళీ గొలుసును ఈడ్చుకుంటూ జనం మీదికి పోబోయింది. భీమ్లా ముక్కుతాడు పట్టి వేలాడితే నలభై గజాలు ఈడ్చింది. మోచేతులు దోక్కుపోయాయి. జనం అది కూడా ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

7-3-2008

3,912 రాయడానికి పుస్తకం తెరిచాను. మూశాను.

9-3-2008, ఆదివారం

దొర భీమ్లాను పొడిచింది.

కాలువలో ఒళ్ళు కడుగుతుంటేనట. రెండుసార్లు. కుడి చెయ్యి విరిగింది, రెండు పక్కటెముకలు. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు.

పోవాలి.

10-3-2008

పోలేదు. గెలల లోడు ఎక్కువ.

12-3-2008

ఇవాళ పోయాను. నాలుగు బత్తాయిలు, ఒక హార్లిక్స్ సీసా. మంచం పక్కన నేల మీద భార్య ద్వాలి కూర్చుని ఉంది. మాటకు ఒకసారి ఎముకలు నొప్పి పెట్టి భీమ్లా ఆగుతున్నాడు. అయినా నన్ను చూసి లేవబోయాడు.

సీత్లా అమ్మకు మేకను మొక్కుకున్నారట. దొరను ఏమీ అనొద్దని నానికి చెప్పమన్నాడు. తప్పు తనదేనట. 'దూడప్పటి సంది దాటిచ్చిన సారూ. ఒక్క ఏడు దాటియ్యకపోతే బిడ్డ తండ్రిని మరిచింది. దాని తప్పు ఏముంది' అన్నాడు. ద్వాలి వాళ్ళ భాషలో ఏదో అంది. ఏమంటోంది అని అడిగితే, ఇక జన్మలో ఎడ్ల దగ్గరికి పోవద్దంటోందన్నాడు. పోనని ఒట్టు వేశాడట. కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. ముట్టె మీద పెట్టే చెయ్యి అదే.

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. బత్తాయి ఒలిచి ఇచ్చాను. అతను ఎడంచేత్తోనే దండం పెట్టి తీసుకున్నాడు.



15-3-2008

నాని దగ్గరికి పోయాను. మనిషిని పొడిచిన ఎద్దును ఇంట్లో ఉంచొద్దని చెంచురామయ్య గారు పట్టుబట్టారట. వచ్చే శనివారం సంతకు తోలేస్తాడట. ఈ పేరు పడ్డ ఎద్దును రైతు ఎవడూ కొనడు. కొనేది కోతకు తీసుకుపోయేవాళ్ళే.

'భీమ్లా ఒప్పుకున్నాడా' అన్నాను.

'వాడే అమ్మవారి కోపం అంటున్నాడు కదండీ. మనకి మంచిదే. సూది మాట బయటికి రాదు' అన్నాడు నాని. మళ్ళీ నా భుజం మీద చెయ్యి వేసి, 'మీరు తెచ్చారని ఎవరికీ చెప్పన్లెండి. అందరూ వాడుతున్నారు. మనం ఒక్కళ్ళం మానేస్తే మడి కట్టుకుని కూర్చోవాలి' అన్నాడు.

వాడి చెయ్యి నా భుజం మీద ఎంతసేపు ఉందో, నేను ఎందుకు తీసెయ్యలేదో తెలియదు. వాడి కంటే నేను ఏ విధంగా మెరుగు? గడ్డిలో సిరంజి చూసి ఉమ్మేసిన రోజుకు నేను రెండు పెట్టెలు మోసి ఉన్నాను. వేరేవాళ్ళ ఎద్దుకైతే స్టెరాయిడ్, మా ఎద్దుకైతే టానిక్. చెప్పేవి శ్రీరంగనీతులు.

18-3-2008

జోయెల్ ఫోను. ఇంకో పెట్టె కావాలా బావా అన్నాడు. పెట్టేశాను.

19-3-2008

గుడిలో పాపసంకీర్తనం. ఈస్టరుకు ముందు అందరూ పోయి ఫాదరుకు తమ పాపాలు చెప్పుకుంటారు. జోజమ్మ నా కోసం వరసలో చోటు పట్టి ఉంచింది. ముందు ముగ్గురు ఉండగా వచ్చేశాను. ఫాదరుకు చెబితే మూడు ప్రార్థనలు చెప్పుకోమంటాడు, తేలిగ్గా అయిపోతుంది. అది కూడా మోసమే అనిపించింది. చెప్పుకోవలసినవాడు ఆ తెర వెనక లేడు.

ఇంటికి వచ్చాక జోజమ్మ గొడవ చెయ్యలేదు. ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, 'ఎద్దు ఎంత తూగింది' అని మళ్ళీ అడిగింది.

చెప్పాను.

796 అని. ఆమె తమ్ముడి పెట్టెల్లో ఏముందో కూడా. ఆమె పుస్తకాన్ని పక్కకు జరిపింది. 'భీమ్లా దవాఖానా నుంచి వచ్చిండా?' అంది. నిన్న వచ్చాడని చెప్పాను. 'మరి' అంది. ఆ ఒక్క ముక్కే.

21-3-2008, గుడ్ ఫ్రైడే

సిలువ మార్గానికి పోలేదు. తండాకు పోయాను.

అడవి అంచున ఇప్పపూలు రాలుతున్నాయి. ద్వాలి పరదా మీద ఆరబోస్తోంది. భీమ్లా పందిరి కింద కూర్చుని ఉన్నాడు, చెయ్యి మెడకు కట్టి. మొక్కుకున్న మేక గుంజకు కట్టేసి ఉంది. ద్వాలి చెంబుతో నీళ్ళిచ్చింది. తాగకుండా పక్కన పెట్టుకున్నాను. తాగితే ఆ తర్వాత చెప్పలేననిపించింది.

దారి పొడవునా ఏవేవో మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు.

'భీమ్లా, గది అమ్మ కోపం కాదు. దొరకు సూదులు పొడిచిండ్రు, నవంబరు సంది. పెట్టెలు తెచ్చిచ్చింది నేనే' అన్నాను.

అతనికి వెంటనే అర్థం కాలేదు. 'టీకాలు కావా?' అన్నాడు. కావని చెప్పాను. మనుషులు కండలు పెంచుకునే మందు అని, అది ఎక్కితే పిచ్చికోపం వస్తుందని, ఎద్దుకు ఎంత పొయ్యాలో ఎవరికీ తెలియదని చెప్పాను. ఇంతకాలం ఈ డైరీలో కూడా రాయని మాట చెప్పాను. నవంబరులో కాంటా దగ్గర నానితో, 'దొర అరవై అయిదు కిలోలు తక్కువుంది, మా బామ్మర్దిని అడిగి చూస్తా' అన్నది నేనే. నాని నన్ను అడగలేదు. నా పుస్తకంలో ఆ రికార్డు మా జత పేరు మీద రాసుకోవాలని నాకే దురద పుట్టింది.

ద్వాలి ఆరబోయడం ఆపింది. భీమ్లా తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనే వచ్చాను.

'అంటే దొర నన్ను మర్వలేదా సారూ?' అన్నాడు.

మరవలేదన్నాను. దానికి అప్పుడు మతి లేదన్నాను.

అతను వెనక్కి తిరిగి ద్వాలితో వాళ్ళ భాషలో అదే మాట చెప్పాడు. రెండోసారి కూడా చెప్పాడు. మొహం వెలిగిపోయింది. పక్కటెముకలు నొప్పి పెట్టి మూలిగాడు, మళ్ళీ చెప్పాడు. పన్నెండు రోజులుగా అతన్ని తిన్నది విరిగిన చెయ్యి కాదు. అది నాకు దవాఖానాలోనే తెలుసు, తెలిసి బత్తాయి ఒలిచాను.

ద్వాలి మాత్రం నా దగ్గరికి వచ్చి నిలబడింది. 'అమ్మ మీద నింద ఏసినం. గిప్పుడు అమ్మకు ఏం చెప్పాలె?' అని అడిగింది. ఆమె నేను తాగని నీళ్ళ చెంబు తీసుకుని, మేక ముందున్న సత్తుగిన్నెలో పోసింది.

రేపు దొర సంతకు పోతోందని చెప్పగానే భీమ్లా లేచాడు. ఎడంచేత్తో గోడకున్న పగ్గం తీసి భుజాన వేసుకున్నాడు. 'నడువుండ్రి' అన్నాడు. చెంచురామయ్య గారి ఇంటికి బయలుదేరాం. స్కూటరు మీద పట్టుకోవడానికి అతనికి ఒక్కటే చెయ్యి ఉంది, పట్టుకోవడానికి నా భుజమే ఉంది. గుంతల రోడ్డు. ఆరు మైళ్ళు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

చెంచురామయ్య గారు వసారాలో పడక కుర్చీలో ఉన్నారు. ఆయనకూ చెప్పాను. నాని లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు. 'ఈయనే కదా నాన్నా మైకులో రికార్డు చెప్పింది! తెచ్చిందీ ఈయనే!' అన్నాడు. వాడు చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

పెద్దాయన కొడుకు వైపు చూడలేదు. 'కాంటా ఎంత చూపించింది?' అని నన్ను అడిగారు.

'796.'

'నాకు 752 అన్నావు.'

అవునన్నాను.

'నువ్వు తూచావంటే నేను ఇంకో కాంటాకి పంపలేదయ్యా, శాంతికుమార్. ఒక్కసారి కూడా' అన్నారాయన. అంతే. గొంతు పెంచలేదు. ఇంకేదో అంటారని నిలబడ్డాను. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే భీమ్లాతో, దొరను తోలుకుపొమ్మని, దాని మేత తానే పంపిస్తానని చెప్పారు.

దొర కొట్టం వెనక విడిగా ఉంది, రెండు పక్కలా తాళ్ళు. సూదులు ఆపి పదిహేను రోజులైంది. డొక్కలు లోపలికి పోయాయి. భీమ్లాను చూడగానే తల దించి కాలితో మట్టి గీరింది. అతను దూరంగా ఆగిపోయాడు. 'విషం దిగాలె. దిగనీ' అన్నాడు. నాతో కాదు, దానితో.

ఒక తాడు అతని ఎడంచేతిలో. రెండో తాడు పట్టడానికి మనిషి లేడు. నాని రాలేదు. భీమ్లా రెండో తాడు కొస నా వైపు విసిరాడు.

పందొమ్మిదేళ్ళుగా ఎడ్ల గురించి మాట్లాడుతున్నాను. ఒక్క ఎద్దును కూడా తాడుతో పట్టుకుని నడిచింది లేదు. అది ఊపిరి వదిలినప్పుడల్లా తాడును రెండు చేతులా బిగించి పట్టాను. రెండుసార్లు నా వైపు తిరిగింది. రెండుసార్లూ భీమ్లా అటు నుంచి ఏదో పాటలాంటిది అన్నాడు, ఆగింది. దారిలో గుడి నుంచి సిలువ మోసుకుంటూ మా వాళ్ళు ఎదురొచ్చారు, జోజమ్మ కూడా ఉంది. అందరూ పక్కకు తప్పుకున్నారు. చేతికి కట్టుతో ఒక లంబాడీ, చెమటతో తడిసిన చొక్కాతో నేను, మధ్యలో దొర. జోజమ్మ తలెత్తి చూసి మళ్ళీ పాటలో కలిసింది.

తండా చేరేసరికి నా రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. దొరను చింతచెట్టుకు కట్టాక భీమ్లా తాడు అందుకుని, 'ఇగ పోండి సారూ' అన్నాడు. మళ్ళీ రమ్మనలేదు.

23-3-2008, ఈస్టర్

ఎర్ర అట్ట పుస్తకంలో 752 కొట్టేసి 796 రాశాను. 3,912 రాసి, దాని మీద ఎర్రసిరా గీశాను. మధిర వాళ్ళ 3,420 పక్కనే ఉంటుంది, రెంటికీ ఒకటే రంగు. రికార్డు మళ్ళీ 3,655. ఆ ముసలాయన లేడు, చెబుదామంటే.

శివరాత్రి కమిటీ వాళ్ళకు ఉత్తరం రాశాను. ఒప్పుకోరు. రూల్సులో లేదంటారు. తర్వాత నన్ను ఏ మైకు దగ్గరికీ పిలవరు. మంచిదే.

జోయెల్ పండక్కి వచ్చాడు. జోజమ్మ వాడికి కోడికూర వడ్డించి, తిన్నాక బస్టాండు దాకా నడిపించి పంపేసింది. దారిలో ఏమందో చెప్పలేదు.

30-3-2008

పోవద్దనుకుంటూనే తండా వైపు పోయాను. లోపలికి పోలేదు. బాట మీదే స్కూటరు ఆపి చూశాను.

ద్వాలి కుడితి తొట్టి పెట్టి వెనక్కి వచ్చింది. దొర తాగింది. భీమ్లా నాలుగు బారల దూరంలో కూర్చుని ఉన్నాడు. ఎడంచెయ్యి దాని వైపు చాచి ఉంది. అది తలెత్తి ఆ చేతిని చూసింది. బుస కొట్టలేదు. దగ్గరికీ రాలేదు.

నేను ఉన్నంతసేపూ అతను చెయ్యి దించలేదు.